ముందు పొద్దు చూడండి, తర్వాత పేర్లు

ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ దగ్గర పడిందంటే పత్రికలు, టీవీలు, యూట్యూబ్ విశ్లేషకులు అందరూ ఒకే వ్యాసాన్ని పంచుకుని రాసినట్లు ఉంటుంది. మొదటి పేరాలో పురుషుల్లో సినర్, అల్కరాజ్. రెండో పేరాలో జొకోవిచ్‌కు ఇదే ఆఖరి అవకాశమా అనే ప్రశ్న; ఆ ప్రశ్న వేసినవాళ్లలో కొందరు రిటైరయ్యారు గానీ జొకోవిచ్ ఇంకా కాలేదు. మూడో పేరాలో మహిళల్లో సబలెంక, స్వియాటెక్. చివర తప్పనిసరిగా ఒక వాక్యం: హార్డ్ కోర్టు అందరికీ సమానమైన నేల కాబట్టి ఈ రెండు వారాలు ఎవరు బాగా ఆడితే టైటిల్ వాళ్లదే.

ఆ ఆఖరి వాక్యంతోనే నాకు పేచీ. పచ్చిక అయితే సర్వీసు బలంగా చేసేవాడికి అనుకూలమని, మట్టి అయితే ఓపిక ఉన్నవాడికి అనుకూలమని, హార్డ్ కోర్టు మాత్రం ఎటూ మొగ్గదని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువగా మొగ్గేది ఇదే. ఎటు మొగ్గాలన్నది ఆటగాళ్లు కోర్టులో దిగకముందే కొంత రంగు డబ్బాలో, కొంత ఆకాశంలో, మిగిలింది మ్యాచ్‌ల వేళలు రాసే గదిలో తేలిపోతుంది. 2026 జనవరి 18న ఆదివారం మెల్‌బోర్న్‌లో మొదలయ్యే టోర్నీ గురించి ముందుగా ఏమైనా చెప్పాలంటే ఈ మూడింటి గురించి చెప్పి, ఆ తర్వాతే పేర్ల జోలికి వెళ్లాలి.

రంగు డబ్బా సంగతి చాలామంది పట్టించుకోరు. హార్డ్ కోర్టు అంటే గచ్చు చేసి నీలం రంగు పూయడం కాదు. అడుగున తారు లేదా కాంక్రీటు ఉంటుంది. దాని మీద కొన్నిచోట్ల రబ్బరు పలుకులు కలిపిన మెత్తని పొరలు వేస్తారు, ఆ పైన యాక్రిలిక్ పూత. ఆ పూతలో ఇసుక కలుపుతారు. ఇసుక ఎంత, ఎంత ముతకది అన్నదాన్ని బట్టే బంతి నేలను తాకి జారిపోతుందా, నేలను పట్టుకుని లేస్తుందా అన్నది ఉంటుంది. ముతక ఇసుక ఎక్కువైతే బంతి వేగం తగ్గి ఎత్తుగా లేస్తుంది. తగ్గిస్తే కిందుగా దూసుకుపోతుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఈ వేగాన్ని కొలిచి కోర్టులను అయిదు తరగతులు చేసింది: సూచిక 29 వరకు ఉంటే నెమ్మది, 45 నుంచి పైకి వేగం, మధ్యలో మూడు మెట్లు. మట్టి కోర్టు ఎంత ప్రయత్నించినా నెమ్మది వైపే ఉంటుంది. పచ్చిక ఎంత కత్తిరించినా పెరిగే మొక్కే, దాని ఇష్టం కొంత దానికుంటుంది. హార్డ్ కోర్టు ఒక్కటే నిర్వాహకులు ఇంత వేగం కావాలని ముందే చెప్పి వేయించుకోగల నేల. ఎలాంటి ఆటగాడు గెలవాలో కోరుకోవడం కాదా అది? వాళ్లు కాదంటారు. నేను మాత్రం అవుననే అంటాను.

మెల్‌బోర్న్ చరిత్రే చూడండి. 1987 దాకా ఈ టోర్నీ కూయాంగ్ క్లబ్బులో పచ్చిక మీద జరిగేది. 1988లో ఫ్లిండర్స్ పార్కుకు, అంటే ఇప్పటి మెల్‌బోర్న్ పార్కుకు మారి, రీబౌండ్ ఏస్ అనే ఆకుపచ్చ రబ్బరు నేల మీదికి వచ్చింది. ఎండకు ఆ నేల జిగురుగా మారి బూటును పట్టుకుంటోందని, చీలమండలు మెలికపడుతున్నాయని ఆటగాళ్లు ఏళ్ల తరబడి గొణిగారు. సొంత దేశం వాడైన హ్యూయిట్ సైతం నేల మరీ నెమ్మదిగా ఉందని విసుక్కున్నాడు. 2008లో నీలి రంగు ప్లెక్సీకుషన్ వచ్చింది, 2020 నుంచి గ్రీన్‌సెట్. 2019లో బంతులు కూడా మారి విల్సన్ స్థానంలో డన్‌లప్ వచ్చాయి. న్యూయార్క్ కథ ఇంకా తమాషా: యూఎస్ ఓపెన్ 1974 వరకు పచ్చిక మీద, తర్వాత మూడేళ్లు మట్టి మీద, 1978 నుంచి హార్డ్ కోర్టు మీద. మూడు నేలల మీదా ఆ టైటిల్ గెలిచింది జిమ్మీ కానర్స్ ఒక్కడే. మెల్‌బోర్న్ టోర్నీని పచ్చిక మీదా హార్డ్ కోర్టు మీదా గెలిచిన పురుషుడు కూడా ఒక్కడే, మాట్స్ విలాండర్. ఆ విలాండర్ డిఫెండింగ్ చాంపియన్‌గా, ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగా 1989లో రెండో రౌండులోనే మన రమేశ్ కృష్ణన్ వరుస సెట్లలో ఇంటికి పంపాడు. ఇక్కడ దాని అవసరం అంతగా లేదు, నిజమే. కానీ ఆ సంగతి చెప్పుకునే వంక దొరికితే నేను వదులుకోను.

నేల గురించి గోదావరి డెల్టా మనిషికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మా పట్నంలోని క్లబ్బులో ఒక సిమెంటు కోర్టు ఉంది. అది ఉన్నది ఒండ్రు కట్టిన నల్లమట్టి మీద. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేశాక ఈ నేల ఎండి నెర్రెలు విచ్చుతుంది. జూన్‌లో నీళ్లు వదిలి, వానలు కూడా తోడైతే తాగినంత తాగి ఉబ్బుతుంది. ఏటా కుంగి లేచే ఇలాంటి నేల మీద అడుగున సరైన కంకర పోయకుండా, నీరు పోయే దారి చూడకుండా పలచని గచ్చు పరిచి, ఇరవై ఏళ్లు కదలదని గుత్తేదారు హామీ ఇస్తే క్లబ్బు పెద్దలు నమ్మారు. రెండు వేసవులు గడిచేసరికి బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత, పొడవునా చిటికెన వేలు దూరేంత పగులు వచ్చింది. సిమెంటు పాలు పోసి పూడ్చారు. మరుసటి ఏడు ఆ పక్కనే ఇంకొకటి వచ్చింది. గోడ అవతలి పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చాక ఆ వైపు మూల మెల్లగా పల్లమైంది. బంతి పగులు మీద పడితే ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. పాత సభ్యులు కావాలని అక్కడికే కొడతారు, కొట్టి "అరెరే" అంటారు.

జనవరిలో ఈ కోర్టు రోజుకు రెండు కోర్టులు. తెల్లవారుజామున మంచుకు గచ్చు తడిసి ఉంటుంది, బంతి నూగు నీరు పట్టి రెండు మూడు గేముల్లోనే బరువెక్కుతుంది. కొట్టిన బంతి వలను దాటి మోకాలి ఎత్తుకు మించి లేవదు. అప్పుడు ముంజేతి బలం ఉన్నవాళ్లదే రాజ్యం. పది గంటలకు ఎండెక్కి గచ్చు ఆరాక బంతి భుజాల దాకా ఎగురుతుంది. పొద్దున ఓడిన సన్నపాటి కుర్రవాడు అప్పుడు అదే పెద్దమనిషిని కోర్టు నలుమూలలా పరుగెత్తిస్తాడు. వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప ఆటగాడు అని ఎవరైనా అడిగితే, ఎన్నింటికి అని ఎదురు ప్రశ్న వేయకుండా మా క్లబ్బులో ఎవరూ జవాబు చెప్పరు.

మెల్‌బోర్న్‌లో ఈ తేడా ఇంకా పెద్దది. అక్కడ జనవరి నడివేసవి. ఖండం లోపలి ఎడారుల మీదుగా ఉత్తరపు గాలి వీచిన రోజున ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటుతుంది. గాలి మారి దక్షిణం నుంచి, సముద్రం మీదుగా వీచిందంటే కొద్ది గంటల్లోనే పది, పదిహేను డిగ్రీలు దిగిపోతుంది. 2014లో, మన సంక్రాంతి రోజుల్లోనే, జనవరి 14 నుంచి 17 వరకు నాలుగు రోజులు వరుసగా అక్కడ 41 డిగ్రీలు దాటింది. కెనడా ఆటగాడు ఫ్రాంక్ డాన్సెవిచ్ మ్యాచ్ మధ్యలో స్పృహ తప్పి పడిపోయాడు. పడేముందు కార్టూన్ కుక్క స్నూపీ కళ్లముందు కనిపించిందని తర్వాత చెప్పాడు. కోర్టు మీద పెట్టిన ప్లాస్టిక్ సీసా అడుగున కరగడం మొదలుపెట్టిందని డెన్మార్క్ క్రీడాకారిణి వోజ్నియాకి చెప్పింది.

మన ఉక్క వేరు. ఇక్కడ చెమట ఒంటి మీదే నిలిచి, ఆరక, ప్రాణం విసిగిస్తుంది. మెల్‌బోర్న్ ఎండలో చెమట పట్టినట్లే తెలియదు, పట్టినది పట్టినట్లు ఆవిరైపోతుంది. రెండూ మనిషిని పడగొడతాయి, రెండోది ముందుగా చెప్పదు. ఉక్క దెబ్బ ఎలా ఉంటుందో మన ఆంధ్ర కుర్రవాడు సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్‌లో చవిచూశాడు. అర్హత పోటీలు దాటి ప్రధాన డ్రాలోకి వచ్చి, చెక్ ఆటగాడు వెసెలీతో అయిదు సెట్లు ఆడి, కండరాలు పట్టేసి కాళ్లు కదలని స్థితిలో అయిదో సెట్టు 5-7తో పోగొట్టుకున్నాడు. ఆ మ్యాచ్ స్కోరు మాత్రమే చదివినవాడికి అది మామూలు మొదటి రౌండు ఓటమి.

ఎండ మనిషినే కాదు, బంతినీ మారుస్తుంది. వేడికి బంతిలోని గాలి ఒత్తిడి పెరుగుతుంది, బయటి గాలి పలచబడుతుంది. దాంతో బంతి త్వరగా వస్తుంది, ఎత్తుగా లేస్తుంది. బాగా తిప్పి కొట్టే టాప్‌స్పిన్ ఆటగాడి షాట్ ఎదుటివాడి చెవి దాకా ఎగురుతుంది. రాత్రి చల్లబడ్డాక అదే బంతి నడుము ఎత్తులో ఆగుతుంది, నూగు లేచి మందగిస్తుంది. అప్పుడు బల్లపరుపుగా, బలంగా కొట్టేవాళ్ల వంతు. ఒకే గ్రీన్‌సెట్ నేల, ఒకే డన్‌లప్ బంతి, అయినా మధ్యాహ్నం మూడింటికి ఒక ఆట, రాత్రి తొమ్మిదింటికి మరో ఆట.

ఇక మూడోది, నాకు నిజంగా కోపం తెప్పించేది: వేళలు. 2019 నుంచి అక్కడ వేడిని ఒకటి నుంచి అయిదు వరకు కొలిచే పద్ధతి పెట్టారు. గాలి వేడి, ఎండ తీవ్రత, తేమ, గాలి వేగం నాలుగూ కలిపి లెక్క కడతారు. నాలుగు దాటితే సెట్ల మధ్య పది నిమిషాల విరామం ఇస్తారు, అయిదు చేరితే ఆట ఆపుతారు. పద్ధతి మంచిదే. కానీ ఆట ఆగేది బయటి కోర్టుల్లో. కదిలే పైకప్పులున్న రాడ్ లేవర్, మార్గరెట్ కోర్ట్, జాన్ కెయిన్ స్టేడియాల్లో కప్పు మూసి ఆట సాగిస్తారు. ఆ మూడింటిలో ఆడేది ఎవరు? ఎక్కువగా పేరున్నవాళ్లు. రాత్రి మ్యాచ్‌లు పడేది ఎవరికి? టీవీకి ఎవరు కావాలో వాళ్లకు. ర్యాంకు తక్కువైనవాడు మధ్యాహ్నం ఏ పదమూడో నంబరు కోర్టులోనో ఎండకు మాడి, ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మర్నాడు మళ్లీ వస్తాడు. అదే సమయంలో ఫేవరెట్ హోటల్ గదిలో విశ్రాంతిగా ఉంటాడు. రెండో వారానికి ఇద్దరూ ఎదురైతే మనం "అనుభవం గెలిచింది" అని రాసుకుంటాం.

2018 ఆఖరి రెండు రోజులు గుర్తుచేసుకోండి. శనివారం రాత్రి మహిళల ఫైనల్ కప్పు తెరిచే ఆడించారు. వేడి, ఉక్క. మూడో సెట్టుకు ముందు వేడి విరామం ఇవ్వవలసి వచ్చింది. వోజ్నియాకి గెలిచింది, ఓడిన హలెప్ నిర్జలీకరణతో ఆసుపత్రిలో చేరింది. మర్నాడు పురుషుల ఫైనల్‌కు వేడి పేరుతో కప్పు మూశారు. చల్లని గదిలాంటి ఆ వాతావరణానికి అలవాటు పడేలోపే సిలిచ్ మొదటి సెట్టు పోగొట్టుకున్నాడు. ఫెదరర్ అయిదు సెట్లలో గెలిచాడు. ఫెదరర్ ఆట మీద నాకున్న ప్రేమ చిన్నది కాదు, ఆ టైటిల్ అతని అర్హతకు మించినదని అనను. కానీ ఒకే స్టేడియంలో, వరుసగా రెండు సాయంత్రాలు, రెండు వేర్వేరు ఆకాశాల కింద రెండు ఫైనల్స్ ఆడించి, హార్డ్ కోర్టు అందరికీ సమానమంటే ఎలా?

అర్ధరాత్రి మ్యాచ్‌ల సంగతి సరేసరి. 2023లో ముర్రే, కొకినాకిస్ మ్యాచ్ తెల్లవారుజామున 4 గంటల 5 నిమిషాలకు ముగిసింది. ముర్రే గెలిచాడు గానీ తర్వాతి రౌండులోనే ఆగిపోయాడు. 2024లో మెద్వెదెవ్ రెండో రౌండును రాత్రి మూడున్నర దాటాక ముగించాడు. ఆ పైన క్వార్టర్స్‌లో అయిదు సెట్లు, సెమీస్‌లో అయిదు సెట్లు ఆడి ఫైనల్‌కు చేరాడు. అక్కడ సినర్ మీద మొదటి రెండు సెట్లు 6-3, 6-3తో గెలిచి, మిగిలిన మూడూ ఓడిపోయాడు. మొత్తం మీద ఆ టోర్నీలో కోర్టు మీద గడిపిన సమయం ఇరవై నాలుగు గంటలు దాటింది. సినర్ పునరాగమనం గురించి రాసినంతగా మెద్వెదెవ్ కాళ్ల గురించి ఎవరూ రాయలేదు. అదే ఏడాది నుంచి టోర్నీని సోమవారానికి బదులు ఆదివారమే మొదలుపెట్టి పదిహేను రోజులు చేశారు, ఆలస్యాలు తగ్గించడానికే అన్నారు. టికెట్లు అమ్ముకోవడానికి ఒక రోజు పెరిగిందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

మనకు మాత్రం ఈ వేళలు వరమే. అక్కడ ఉదయం 11 గంటలంటే మనకు తెల్లవారుజామున అయిదున్నర. అక్కడి రాత్రి ఏడు గంటల మ్యాచ్ మనకు మధ్యాహ్నం ఒకటిన్నరకు, భోజనాల వేళకు వస్తుంది. యూఎస్ ఓపెన్‌కు లాగా నిద్ర కాచుకోనక్కరలేదు. పండుగ చుట్టాలు సర్దుకుని బస్సులెక్కుతుంటే, జగ్గన్నతోట ప్రభలు చూసి వచ్చిన కాళ్ల నొప్పులు తగ్గుతుంటే, దాళ్వా (రెండో పంట) నాట్లకు కూలీలు దొరకలేదన్న గొడవల మధ్య మొదటి రౌండు సాగిపోతుంది.

పండుగ ప్రస్తావన వచ్చింది కాబట్టి కోడి పందేల మాట. చట్టం ఒప్పదు, కాలికి కత్తి కట్టే ఆ ఆట మీద నాకూ మోజు లేదు. కానీ బరుల దగ్గర చేతులు మారే కుక్కుట శాస్త్రం చూస్తే ఒక్క విషయంలో గౌరవం కలుగుతుంది. కాకి, డేగ, నెమలి, పర్ల అని కోళ్లకు ఈకల రంగును బట్టి పేర్లు పెట్టినా, ఏది గొప్పదో అది ఒక్క మాటలో తేల్చదు. ఏ పక్షం, ఏ వారం, ఏ జాము అని అడుగుతుంది. పొద్దున నెగ్గే డేగ పొద్దు వాలాక ఓడవచ్చని ఒప్పుకుంటుంది. ఆ జోస్యాలు ఫలిస్తాయా అంటే, నమ్మి పొలాలు పోగొట్టుకున్నవాళ్లను ఈ జిల్లాల్లో ఎవరినైనా అడగండి. జవాబులు పనికిరానివే. అడిగిన ప్రశ్న మాత్రం ర్యాంకుల పట్టిక ముందు పెట్టుకుని విజేతను ప్రకటించే టెన్నిస్ పండితుల ప్రశ్న కన్నా మెరుగు.

ఇప్పుడు పేర్లు. ఇది రాసే నాటికి, అంటే 2026 జనవరిలో టోర్నీకి ముందు, డ్రా ఇంకా తీయలేదు, కాబట్టి ఎవరికి ఎవరు ఎదురో తెలియదు. తెలిసిందల్లా 128 మంది, వారిలో ర్యాంకును బట్టి ముందుగా వేరువేరు చోట్ల సర్దే 32 మంది సీడ్లు, టైటిల్‌కు ఏడు విజయాలు, మొదటి ఇద్దరు సీడ్లు చెరో సగంలో ఉంటారన్నది. పురుషుల్లో గత ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లూ (ఏడాదికి నాలుగు జరిగే పెద్ద టోర్నీలు) సినర్, అల్కరాజ్ చెరి నాలుగు పంచుకున్నారు. మూడోవాడు గెలిచి రెండేళ్లు దాటింది, 2023 యూఎస్ ఓపెన్‌లో జొకోవిచ్. ఇక్కడ గత రెండేళ్ల విజేత సినర్. వరుసగా మూడోది గెలిస్తే ఓపెన్ శకంలో, అంటే 1968 తర్వాత, ఈ టోర్నీలో జొకోవిచ్ సరసన నిలుస్తాడు. ఈ టోర్నీకి ముందు అల్కరాజ్ ప్రపంచ నంబర్ వన్, ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు, నాలుగు టోర్నీల్లో మెల్‌బోర్న్ ఒక్కటే మిగిలింది. అది గెలిస్తే నాలుగూ పూర్తవుతాయి. కానీ ఇక్కడ ఇంతవరకు క్వార్టర్ ఫైనల్ దాటలేదు. పైగా 2025 డిసెంబరులోనే చిన్నప్పటి నుంచి వెంట ఉన్న కోచ్ ఫెరెరోతో విడిపోయాడు.

అందరూ ఆ విడిపోవడం గురించే రాస్తున్నారు. నేను వేరే సంగతి చూస్తాను. 2024 క్వార్టర్స్‌లో జ్వెరెవ్ చేతిలో, 2025 క్వార్టర్స్‌లో జొకోవిచ్ చేతిలో అల్కరాజ్ ఓడింది రాత్రి మ్యాచ్‌ల్లోనే. ఎండలో భుజాలు దాటి ఎగిరే అతని ఫోర్‌హ్యాండ్ ఆ చల్లదనంలో ఎదుటివాడికి నడుము దగ్గర చిక్కింది. సినర్‌ది దీనికి తలకిందులు. నిరుడు నాలుగో రౌండులో రూన్‌తో పగటి వేళ ఆడినప్పుడు ఒళ్లు వణికి, వైద్యుణ్ని పిలిపించుకున్నాడు. ఆ మ్యాచ్‌లో సినర్ సర్వీసు తగిలి వల బిగింపు ఊడిపోయి ఇరవై నిమిషాలు ఆట ఆగింది; ఆ విరామం లేకపోతే ఏమయ్యేదో నాకు అనుమానమే. అక్టోబరులో షాంఘై ఉక్కలో కండరాలు పట్టేసి గ్రీక్స్‌పూర్‌తో మ్యాచ్ మధ్యలోనే వదులుకున్నాడు. మరి నవంబరులో, ట్యూరిన్‌లో సీజన్ ముగింపు టోర్నీలో పైకప్పు కింద, అల్కరాజ్‌ను వరుస సెట్లలో ఓడించాడు. ఇద్దరూ హార్డ్ కోర్టు వీరులే. ఒకరికి పొద్దు పొడుపు, మరొకరికి పొద్దు గుంకు.

అందుకే నా లెక్క ఇది. పురుషుల ఫైనల్ ఫిబ్రవరి 1న రాత్రి వేళ. అక్కడిదాకా ఇద్దరూ వస్తే సినర్‌దే. అయితే అక్కడిదాకా రావడమే అతనికి కష్టం: మొదటి వారంలో ఎండ మండిపోయే ఒక్క మధ్యాహ్నం చాలు. యూఎస్ ఓపెన్ ఫైనల్ ఓడాక తన ఆట మరీ ఊహించగలిగేలా ఉందని ఒప్పుకున్నాడు, ఆ రోజు నుంచి సర్వీసు మీద కష్టపడ్డాడు. అది ఎండలో పాయింట్లు పొట్టిగా ముగించడానికి పనికొస్తుంది. 38 ఏళ్ల జొకోవిచ్ 2025లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల్లోనూ సెమీస్ చేరాడు, ఈ టోర్నీలో పదిసార్లు విజేత. అతనికి కావలసింది చల్లని సాయంత్రాలు, మధ్యలో తేలిక మ్యాచ్‌లు. పురుషుల సెమీస్‌లో ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి వేయడం అక్కడ అలవాటు, నిరుడు మధ్యాహ్నం మ్యాచ్ అతనికే పడింది. గాయంతో ఒక్క సెట్టు తర్వాత తప్పుకున్నాడు. ఇరవై అయిదో టైటిల్ వస్తే నేను ఎగిరి గంతేస్తాను గానీ పందెం కాయను. ఆతిథ్య దేశం వాడు పురుషుల టైటిల్ గెలిచి సరిగ్గా యాభై ఏళ్లు. 1976లో ప్రపంచ ర్యాంకు 212 ఉన్న మార్క్ ఎడ్మండ్సన్ న్యూకోంబ్‌ను ఓడించాడు. ఇప్పటి ఆస్ట్రేలియా ఆటగాడు డి మినార్ మీద ఆ బరువంతా మోపుతున్నారు. పాపం, అతని సర్వీసు దాన్ని మోయలేదు.

మనవాళ్ల విషయం రెండు మాటల్లో. 2005లో వైల్డ్ కార్డుతో (నిర్వాహకులు నేరుగా ఇచ్చే ప్రవేశంతో) వచ్చిన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా మూడో రౌండు చేరి సెరెనాతో ఆడింది. ఆ తర్వాత 2009లో భూపతితో మిక్స్‌డ్, 2016లో హింగిస్‌తో డబుల్స్ ఇక్కడే గెలిచింది. 2024లో 43 ఏళ్ల వయసులో బోపన్న ఎబ్డెన్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు. సానియా 2023లో ఆట ఆపింది, బోపన్న 2025 నవంబరులో రిటైర్మెంట్ ప్రకటించాడు. ఇద్దరూ లేని మెల్‌బోర్న్ చాలా ఏళ్ల తర్వాత చూస్తున్నాం. ఆ ఖాళీ ఎప్పుడు నిండుతుందని మా క్లబ్బులో అడిగేవారు లేరు. అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ ప్రపంచ నంబర్ వన్ దాకా వెళ్లాక కోనసీమ పిల్లల చేతిలో షటిల్ బ్యాటే ఉంది. తప్పు పట్టను. ఇండోర్ హాలు అడుగున నేల ఎంత కుంగినా పైన చెక్క పరిస్తే సరిపోతుంది, ఎండా లేదు, మంచూ లేదు.

మహిళల్లో పోటీ నాకు ఇంకా ఆసక్తి. సబలెంక వరుసగా మూడుసార్లు ఇక్కడ ఫైనల్ ఆడింది, రెండు గెలిచింది. ఆమె నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ హార్డ్ కోర్టు మీదివే. నిరుడు ఆమెను ఓడించిన మాడిసన్ కీస్ 19వ సీడ్. సెమీస్‌లో స్వియాటెక్ మీద మ్యాచ్ పాయింట్ కాచుకుని, అంతకుముందు రిబాకినాను దాటుకుని వచ్చింది. ఆ జనవరికి ముందు ఆమె పేరు ఏ జాబితాలోనూ పైన లేదు. కొత్త రాకెట్, బల్లపరుపు షాట్లు, వరుసగా మూడు సెట్ల మ్యాచ్‌లు ఆడగల గుండె; ర్యాంకు చూసేవాళ్లకు ఇవి కనిపించవు. గాఫ్ సర్వీసు కుదుటపడితే ఎవరినైనా ఓడిస్తుంది, కుదుటపడుతుందని నాకు నమ్మకం లేదు. అనిసిమోవా నిరుడు వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండింటిలోనూ ఫైనల్ చేరింది, ఆమెను తీసిపారేయను.

నా ఓటు మాత్రం రిబాకినాకు. 2023లో ఇక్కడ ఫైనల్‌లో సబలెంక చేతిలో మూడు సెట్లలో ఓడింది. నవంబరులో రియాద్‌లో అదే సబలెంకను వరుస సెట్లలో ఓడించి సీజన్ ముగింపు టైటిల్ గెలిచింది. మహిళల సెమీస్ గురువారం రాత్రి, ఫైనల్ శనివారం రాత్రి. చల్లబడిన నేల, కిందుగా వచ్చే బంతి, ఆమె సర్వీసు. స్వియాటెక్‌కూ ఈ ఒక్క గ్రాండ్‌స్లామే మిగిలింది. మధ్యాహ్నాలు ఎండ దంచి కొడితే ఆమె ఫోర్‌హ్యాండ్‌ను క్వార్టర్స్ దాకా ఆపేవాళ్లు ఉండరు, ఆ తర్వాత రాత్రులు మొదలవుతాయి. ఆమె అభిమానులు నాతో వాదానికి రావాలనుకుంటే తప్పకుండా రావచ్చు, ముందు ఆమె క్వార్టర్ ఫైనల్ ఏ వేళకు వేశారో చూసుకుని రండి.